మద్దెల నిజంగానే ఓడైతే?



"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెతను ముప్పై అయిదు సంవత్సరాలు పిల్లలకు బోధించినవాణ్ణి నేను. చేతకానివాడు పనిముట్టును నిందిస్తాడని తాత్పర్యం చెప్పి, సొంతవాక్యంలో ప్రయోగించమని పరీక్షల్లో అడిగి, మార్కులు కూడా వేసినవాణ్ణి. గత మాసంలో ఆ సామెత తిరిగి వచ్చి నా నెత్తినే పడింది. నా దగ్గర చదువుకొని, ఇప్పుడు కథలకు బొమ్మలు వేస్తూ జీవిస్తున్న ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. బొమ్మలు గీయడానికి వాడే సన్నగీత కలాలు, అంగడివారు ఫైన్‌లైనర్లని పిలిచేవి, వాటిలో ఏది కొనమంటావని అతణ్ణి అడిగాను. అతడు నవ్వి, "ఏదైతేనేమండీ మాస్టారూ! చెయ్యి ముఖ్యం గాని కలం కాదు. చెయ్యి తిరిగినవాడు బొగ్గుముక్కతో గీసినా బొమ్మే. ఆడలేక మద్దెల ఓడని మీరే కదా చెప్పారు" అన్నాడు.

శిష్యుడు గురువాక్యాన్ని గుర్తుంచుకొన్నందుకు సంతోషించాను. దాన్ని ఇక్కడ ప్రయోగించినందుకు మాత్రం మార్కులు వేయలేను. ఈ మాట అతడొక్కడిదే అయితే ఊరుకొనేవాణ్ణి. బొమ్మలు గీసేవారిని ఎవరిని కదిపినా, కొందరు వినయంతో, కొందరు గర్వంతో, ఇదే మాట అంటారు. వినడానికి ఎంతో ఉదాత్తంగా ఉంటుంది. కాని బొమ్మ గీయడం ముగిసిన క్షణం వరకే అది సత్యం. ఆ తరువాత చెయ్యి లేచిపోతుంది, కాగితం మీద సిరా ఒక్కటే మిగులుతుంది. మద్దెల నిజంగానే ఓడైనప్పుడు ఏం చేయాలో ఆ సామెత చెప్పలేదు.

నాకింత పట్టుదల దేనికో చెప్పాలి. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్న రోజుల్లో అక్కడ ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం, చదివిన ఉత్సాహంలో నేను మా చుట్టుపక్కల ఊళ్ళలో పనిముట్ల పేర్లు సేకరించాలని సంకల్పించాను. పేరు రాస్తే చాలదు, వస్తువు కంటికి కనబడాలి అని ఆయన అన్నారు. 1989 వేసవి సెలవుల్లో ఇద్దరం బయలుదేరాం. రైతు దొడ్లో నాగలి ముందు ఆయన గొంతుకూర్చుని గీసేవారు. మేడి ఏది, ఏడికోల ఏది, కర్రు ఎక్కడ బిగుస్తుంది, కాడికి పలుపు ఎలా చుడతారు అని నేను అడిగి పేర్లు రాసుకొనేవాణ్ణి. గొర్రు, జడ్డిగం, గుంటక, దంతె, మోటబాన, దాని తోలు తొండం, అన్నీ పోస్టుకార్డంత అట్టముక్కల మీద గీశారు.

ఆ మొదటి వేసవిలో ఆయన వాడినది పాళీ, ఇండియన్ ఇంకు. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపుకు సిరాబుడ్డి ఒలికి ఆయన పంచె పాడైంది. మరుసటి సంవత్సరం బయలుదేరేటప్పుడు నేనే అన్నాను: "ఈ బుడ్డీ పాళీ గొడవ ఎందుకండీ మాస్టారూ, ఆ స్కెచ్ పెన్నులేవో వచ్చాయి కదా. ఏ కలమైతేనేం, చెయ్యి మీది." ఆయన సంశయించారు. కాని చిన్నవాడి మాట కాదనలేక ఒక డబ్బా కొన్నారు. 1990, 91, 92 వేసవి బొమ్మలన్నీ ఆ స్కెచ్ పెన్నులతోనే సాగాయి.

ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. రెండేళ్ళ క్రిందట వారి అమ్మాయి ఇల్లు మారుతూ ఆ ట్రంకుపెట్టె నాకు అప్పగించింది. తెరిచి చూశాను. 1989 నాటి నాగలి నిన్న గీసినట్లు నల్లగా నిగనిగలాడుతోంది. తరువాతి మూడేళ్ళ బొమ్మలు వెలిసి, లేత వంగపండు రంగు తిరిగిన మరకలై మిగిలాయి. పెట్టెలో ఉన్నవాటి సంగతి అది. ఆయన ముచ్చటపడి గోడకు తగిలించుకొన్న నాలుగైదింటిలోనైతే అట్ట మాత్రమే ఉంది. ఒక గొర్రు బొమ్మలో పళ్ళు మూడో నాలుగో భూతద్దంతో చూసినా తేలలేదు. మరొక విచిత్రం. "మీ పెన్ను కక్కుతుంది, బొమ్మ మీద సిరా పడుతుంది" అని ఆయన కోప్పడడం వల్ల నేను పేర్లన్నీ పెన్సిలుతో రాశాను. ఆ పెన్సిలు రాతలు చెక్కుచెదరలేదు. పేర్లున్నాయి, వస్తువులు పోయాయి. తిరిగి గీద్దామంటే ఆ ఊళ్ళలో ఇప్పుడు ట్రాక్టర్లు తప్ప ఆ గొర్రూ లేదు, మోటా లేదు.

చెయ్యి ముఖ్యం అని నాకు చెప్పబోయే వారందరికీ నా మనవి ఇదే. ఆయన చేతికి ఏ లోపమూ లేదు. మద్దెల ఓడు.

ఇక విషయానికి వస్తాను. సిరాలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి నీళ్ళలో కరిగే రంగు, డై అంటారు. రెండవది కరగని రంగుపొడిని మెత్తగా నూరి ద్రవంలో తేలేటట్లు చేసినది, పిగ్మెంట్ అంటారు, మనం వర్ణద్రవ్యం అందాం. చెంబెడు నీళ్ళలో చక్కెర వేసి కలపండి, ఏ పొరలోను చక్కెర పలుకు కనబడదు. అదే నీళ్ళలో గడపకు పూసే జాజు కలపండి, కాసేపటికి అడుగున పేరుకొంటుంది. డై చక్కెర వంటిది, వర్ణద్రవ్యం జాజు వంటిది. కరిగిన రంగులో ప్రతి అణువూ ఒంటరిగా వెలుతురుకు ఎదురు నిలుస్తుంది, అందుకే త్వరగా విరిగిపోతుంది. పొడి రేణువులోనో, ఎన్నో అణువులు గుంపుగా ఉంటాయి, పైవి దెబ్బతిన్నా లోపలివి నిలుస్తాయి. నల్లని వర్ణద్రవ్యం సాధారణంగా కర్బనం, అనగా పొగచూరు నలుపు. దాన్ని ఎండ ఏమీ చేయలేదు. పెన్సిలు ముక్కలోని గ్రాఫైటు కూడా కర్బనమే కనుక నా రాతలు బతికాయి. మా శిష్యుడు ఎగతాళికి చెప్పిన బొగ్గుముక్కా కర్బనమే! తెలియకుండానే మంచి కలాన్ని ఎంచుకొన్నాడు పాపం.

ఇందులో మనకు కొత్త ఏముంది? సంస్కృతంలో మషి అంటే సిరా, తెలుగులో మసి అంటే దీపం పొగ. మాటే రహస్యం చెబుతోంది. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గాడిలో మసిని ఆకుపసరుతోనో నూనెతోనో కలిపి రుద్దేవారు. వందల ఏళ్ళ నాటి తాళపత్రాలు పురుగుకూ చెమ్మకూ బలి అయ్యాయి గాని, ఆ గాడిలోని నలుపు వెలిసిపోయిందని ఎవరూ మొరపెట్టుకోలేదు. మన పూర్వులు వర్ణద్రవ్యపు సిరాతోనే పని చేశారు. స్కెచ్ పెన్ను చేతికిచ్చి దారి తప్పించినది నా వంటి ఆధునికుడు.

అంగడికి వెళ్ళాక అసలు చిక్కు మొదలవుతుంది. ఫైన్‌లైనర్ అన్న పేరు మొన సన్నదనాన్ని చెబుతుంది గాని లోపలి సిరాను చెప్పదు. ఒకే పేరు కింద రెండు జాతులు అమ్ముడుపోతున్నాయి. జర్మనీకి చెందిన స్టెడ్లర్ వారి పిగ్మెంట్ లైనర్ ఒక జాతి, అదే సంస్థవారి ట్రిప్లస్ ఫైన్‌లైనర్ మరొక జాతి. రెండవదాని సిరా చాలా రకాల బట్టల మీద నుంచి ఉతికితే పోతుందని తయారీదారులే సగర్వంగా చెప్పుకొంటారు. పిల్లల చొక్కాలకు అది వరం. బొమ్మకు అదే శాపం. స్టెబిలో పాయింట్ 88 కూడా రాతకు, రంగులు నింపడానికి ఉద్దేశించినదే, నీటికి కరుగుతుంది. వారు దాచలేదు. చదవకుండా కొన్నది మనం. జపానువారి సకురా సంస్థ 1982లో పిగ్మా సిరా తెచ్చినప్పుడు ఆ పేరులోనే పిగ్మెంట్‌ను ఇమిడ్చింది. పిగ్మా మైక్రాన్, మిత్సుబిషి వారి యూని పిన్, ఫేబర్ కాస్టెల్ వారి ఎక్కో పిగ్మెంట్, కోపిక్ మల్టీలైనర్, ఇవన్నీ వర్ణద్రవ్యపు జాతివి. వీటిలో ఏది కొన్నా నాకు తగవు లేదు. ఏది గొప్పదని జరిగే కొట్లాటలో నేను దిగను. నా కొట్లాట ఆ గీతకు ఇవతలివారితో.

నేను మొదట మోసపోయిన వైనమూ చెబుతాను. ఒక దుకాణంలో ఫైన్‌లైనర్ అడిగితే పన్నెండు రంగుల అందమైన డబ్బా చేతికిచ్చారు. "బొమ్మలకా సార్? ఇదే బాగా పోతుంది" అన్నారు. ఇంటికి వచ్చి ఒక గీత గీసి, ఆరబెట్టి, తడి కుంచె ఆనించాను. "బాగా పోతుంది" అన్న మాట అక్షరసత్యమని తేలింది.

పర్మనెంట్ అన్న మాటను కూడా నమ్మవద్దు. మార్కర్ల మీద ఆ మాట నీళ్ళకు పోదనే అర్థంలో వాడతారు. నీళ్ళకు పోని సిరా వెలుతురుకు పోకూడదనే నియమం లేదు, చాలా మార్కర్లలో ఉన్నది డైయే. నీటికి నిలవడం వేరు, ఎండకు నిలవడం వేరు. కలం మీద వాటర్‌ప్రూఫ్ అని, లైట్‌ఫాస్ట్ లేదా ఫేడ్‌ప్రూఫ్ అని, పిగ్మెంట్ అని, మూడూ ఉన్నాయా చూడండి. బాల్ పెన్నుల్లో ఎక్కువ భాగం డైవే. జెల్ కలాల సంగతి కలగాపులగం, కొన్నింటిలో వర్ణద్రవ్యమే ఉంటుంది గాని ఆరడం ఆలస్యమై చేతికి అంటుకొంటుంది.

అయినా చీటీలను నమ్మడం కంటే పరీక్షించడం మేలు. మీరు గీయబోయే కాగితం మీదనే నాలుగు గీతలు గీయండి. పావుగంట ఆగి సగం మీద నీళ్ళు పూయండి. మరొక ముక్క మీద మళ్ళీ గీసి, సగాన్ని దళసరి అట్టతో కప్పి, పడమటి కిటికీకి అంటించి నెల రోజులు మరిచిపొండి. మా ఊరి ఏప్రిల్ ఎండకు నలభై రోజులు పెట్టాను. రంగుల డబ్బాలోని నలుపు అట్ట కిందా పైనా రెండు వేర్వేరు రంగులైంది. వర్ణద్రవ్యపు కలం గీతలో అట్ట అంచు ఎక్కడ ఉన్నదో కనుక్కోలేకపోయాను. ఇంత చిన్న పరీక్ష 1990లో చేసి ఉంటే ఈ టపా రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు.

మొన పరిమాణం గురించి జనం పెట్టే శ్రద్ధలో పదో వంతు సిరా మీద పెట్టినా బాగుండును. ఉన్న పరిమాణాలన్నీ కొనాలన్నది ఒక వ్యామోహం. పైగా ఆ అంకెలు కూడా మోసపుచ్చుతాయి. పిగ్మా మైక్రాన్ మీద 01 అని ఉంటే 0.1 మిల్లీమీటరు అనుకొంటారు. దాని గీత 0.25 మి.మీ. 005 అంటే 0.20, 03 అంటే 0.35, 05 అంటే 0.45, 08 అంటే 0.50. వేరే సంస్థల కలాల మీద నేరుగా మిల్లీమీటర్లే ఉంటాయి. కనుక ఒకరి 01ని, మరొకరి 0.1ని పక్కపక్కన పెట్టుకొని ఒకటే అనుకొంటే చిక్కు. ఇంకొక సంగతి. అచ్చుకు వెళ్ళే బొమ్మను పెద్దదిగా గీసి సగానికి కుదిస్తే 0.2 గీత 0.1 అవుతుంది, సాధారణ కాగితం మీద అది ముక్కలు ముక్కలుగా పడుతుంది. సన్నదనం కోసం పాకులాడేవారు ఈ లెక్క వేసుకోరు. నాకు 03, 08 రెండే చాలాయి. నాగలి అంచుకు లావుది, కొయ్య చారలకు సన్నది. మరీ సన్నని మొనలు నా వంటి బరువు చేతివాళ్ళు నొక్కితే లోపలికి కుంగిపోతాయి, గరుకు కాగితం మీద త్వరగా అరిగిపోతాయి కూడా. పెన్సిలు గీతల మీద గీసినప్పుడు సిరా బాగా ఆరాకనే రబ్బరు వాడాలి. అప్పుడు కూడా కొంత నలుపు తగ్గుతుంది, అందువల్ల అడుగు పెన్సిలు గీత తేలికగా ఉండాలి.

ఫైన్‌లైనర్లను చూసి ముక్కు విరిచే పెద్దలు మరొక వర్గం. వారికి నా శిష్యుడితో బంధుత్వం లేదు, వారు కలం ముఖ్యమనే అంటారు. అయితే ఈ కలం గీతకు ప్రాణం లేదంటారు. ఒకే లావున పోతుంది, కుంచెలాగా పాళీలాగా ఉబ్బి తగ్గదు, బాపుగారి గీత దీనితో వస్తుందా అంటారు. రాదు. ఒప్పుకొంటున్నాను. బాపుగారి గీత లావెక్కి సన్నబడుతూ నడిచే గీత. అది కావలసినవారు కుంచె పట్టాలి, ఫైన్‌లైనర్‌తో దాన్ని అనుకరించబోవడం హాస్యాస్పదం. కాని ఒకే లావు గీతకు ప్రాణం లేదనే మాట మాత్రం తెలుగువాడు అనకూడదు. గంటం గీత ఒకే లావున సాగుతుంది. అడ్డగీతలు తాటాకును చీలుస్తాయి కనుకనే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పండితులు చెబుతారు. ఆ గుండ్రని అందం ఒకే లావు గీతలో పుట్టి పెరిగినది. శ్రీకాళహస్తి కలంకారీ కలాన్ని చూడండి. వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్నినో గుడ్డనో చుట్టి దారంతో కడతారు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంలో ముంచితే ఆ చుట్ట తాగుతుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద అది నల్లబడుతుంది. అరిగిపోయిన నా ఫైన్‌లైనర్‌ను పొట్ట విప్పి చూశాను. లోపల సిరా తాగిన పోగుల చుట్టే ఉంది! కలంకారీ కలం వెలుపల కట్టుకొన్నదాన్ని ఇది లోపల దాచుకొంది, అంతే భేదం.

ఫౌంటెన్ పెన్నులో ఇండియన్ ఇంకు పోసుకుంటే సరిపోతుంది కదా అని సలహా ఇచ్చేవారికి ఒక హెచ్చరిక. లక్కతో చేసిన ఆ సిరా ఆరితే గట్టిపడి నాళాన్ని మూసేస్తుంది. పెళ్ళినాటి రాజమహేంద్రవరపు చేతిపని పెన్ను ఒకటి నా అజ్ఞానానికి అలా బలి అయింది.

"ఇప్పుడు ఈ సిరాల పంచాయితీ ఎందుకండీ, స్కాన్ చేసి దాచుకొంటే పోలేదా" అని వ్యాఖ్య రాయడానికి వేళ్ళు విరుచుకొంటున్నవారు మీలో ఉన్నారని తెలుసు. నేనూ స్కాన్ చేస్తున్నాను. వెలిసిపోయినదాన్ని స్కాన్ చేస్తే వెలిసిన బొమ్మే వస్తుందన్నది ఒక సంగతి. యూనికోడ్ రాకముందు ఎవరి ఖతిలో వారు టైపు చేసుకొన్న తెలుగు ఇప్పుడు తెరిస్తే ఏ భాషో తెలియని గిలుకులుగా కనబడడం మనం చూడలేదా? 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఎందరి పేజీలు ఒక్కసారిగా పోయాయి? ఉచిత వసతిలో ఇల్లు కట్టుకొన్న నేను ఈ మాట అంటున్నానని నవ్వకండి, కట్టుకొన్నాను కనుకనే అంటున్నాను. అట్టముక్క మీద మసి గీతకు ఏ ఖతీ అక్కరలేదు.

నా వాదంలో బలహీనత నాకు తెలుసు. ఈ కలాలు చాలావరకు వాడి పారవేసేవి, సిరా అయిపోతే ప్లాస్టిక్ చెత్త. సిరా నింపుకొని, మొన మార్చుకొనే కోపిక్ మల్టీలైనర్ ఎస్‌పీ వంటివి ఉన్నా వాటి ధర ఉపాధ్యాయుడి పింఛనుకు భారం. కలం ఎంత మంచిదైనా ఆమ్లమున్న చౌకరకం కాగితం పసుపెక్కి పెళుసైపోతుంది, ఆ నేరం కలం మీద వేయరాదు. సరదాకి గీసి అవతల పారవేసే బొమ్మకు ఏ పెన్నైనా వాడుకోండి, అక్కడ మా శిష్యుడితో నాకు విరోధం లేదు. కాని అతడు తన బొమ్మలను పారవేయడం లేదు, దస్తాలుగా కట్టి భద్రపరుస్తున్నాడు. ఏ కలంతో గీశావు నాయనా అని అడిగితే, గుర్తు లేదు మాస్టారూ అన్నాడు.

అతడికి రెండు కలాలు కొనిచ్చాను. కిటికీకి అంటించిన కాగితం ముక్కనూ చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ వెలిసిన అట్టముక్కల్లో సగం తనకిమ్మని అడిగి తీసుకువెళ్ళాడు. అట్టను వెలుతురుకు వాలుగా పట్టుకొంటే మొన నొక్కిన జాడ కొన్నింటిలో కనబడుతోందట. ఆ జాడ వెంబడి తిరిగి గీస్తున్నాడు. ఇరవై ఆరు పూర్తయ్యాయి.

గొర్రు మాత్రం మిగిలిపోయింది. పళ్ళు ఎన్నో మాకు తేలలేదు. జడ్డిగం నుంచి గింజ దిగే గొట్టాలు పళ్ళతో ఎక్కడ కలుస్తాయో కూడా ఆ బొమ్మలో పూర్తిగా పోయింది. మీ ఊళ్ళో, మీ తాతగారి కొట్టంలో పాత గొర్రు అటక మీద ఇంకా ఉంటే దయచేసి ఆ అతుకు దగ్గరగా ఒక ఫోటో తీసి పంపండి. మీరే బొమ్మ గీసి పంపినా కృతజ్ఞుణ్ణి. పెన్సిలుతో గీయండి.